విజయవాడ ఎండల్లో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పెంపకం

సీతాకోకచిలుక రెక్కల వంటి పూలు పూసే ఫెలనాప్సిస్ ఆర్కిడ్ సహజంగా చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే మొక్క కనుక, దానిని మట్టిలో నాటకుండా, బెరడు ముక్కలు, కొద్దిగా బొగ్గు నింపి, అడుగున రంధ్రాలున్న పారదర్శకమైన కుండీలో పెంచాలి.

నీరు ఎప్పుడు పోయాలో వేళ్లే చెబుతాయి. ఎండినప్పుడు వెండి రంగుకు మారే వేళ్లు తడిసిన కొద్దిసేపటికే పచ్చబడడం కుండీ గోడలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. వెండి రంగు వచ్చాకే ఉదయం పూట నీరు పోసి, మిగులు నీటిని పూర్తిగా కారిపోనివ్వాలి. వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకోవడం కంటే ఇదే మేలు. ఆకుల నడిమి మొవ్వులో నిలిచిన నీటిని దూదితో అద్ది తీసేయాలి. ఆ చుక్కలను పట్టించుకోక నేను నా మొదటి మొక్కను కుళ్లబెట్టుకున్నాను.

మే నెలలో ఇక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక పడమటి కిటికీ పనికిరాదు. తూర్పు కిటికీ దగ్గర, పలుచని తెర వెనుక, ఏసీ గాలి నేరుగా తగలని చోట ఉంచాలి. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరు నీటి కంటే పట్టి ఉంచిన వాననీరు శ్రేష్ఠం.

డిసెంబరు, జనవరి రాత్రుల చల్లదనం కొత్త పూకాడ రావడానికి తోడ్పడుతుంది. పూలు రాలాక కాడ పచ్చగా ఉంటే, కింది నుంచి రెండో కణుపుకు కాస్త పైన కోస్తే, అక్కడి నుంచి మరో కొమ్మ రావచ్చు.