ప్రైమరీలో ఓటు ఎవరికి? కవర్లు తెరిచే ముందే షరతులు రాసుకోండి

మన దగ్గర పార్టీ టికెట్టు ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. నామినేషన్ల గడువు ముగిసే రోజు దాకా బి-ఫారం ఎవరి చేతికి వస్తుందో తెలియక ఆశావహులు గుళ్ల చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటారు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఆ బి-ఫారం ఇచ్చే పని ఓటర్లకే అప్పజెప్పారు. దాన్నే ప్రైమరీ అంటారు. ఇదేమీ అనాదిగా వస్తున్న ఏర్పాటు కాదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీల బరిలోకి దిగకుండానే డెమొక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. షికాగోలో ఆ పార్టీ మహాసభ జరుగుతుండగా బయట వీధుల్లో లాఠీలు లేచాయి. ఆ రభస తర్వాత నియమాలు తిరగరాశారు. 1972 నుంచి ప్రైమరీలకు అసలు బలం వచ్చింది.

మా అమ్మాయి న్యూజెర్సీలో, మా అన్నయ్య కొడుకు డల్లాస్ పక్కన ఉంటారు. ఇద్దరికీ పౌరసత్వం వచ్చింది. 2028లో అధ్యక్ష ప్రైమరీకి మొదటిసారి ఓటు వేస్తారు. నవంబరు ఎన్నికల్లో రెండు పార్టీలకు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి తేల్చుకోవడం తేలిక. ప్రైమరీలో ఒకే జెండా కింద పదిమంది నిలబడి ఇంచుమించు ఒకే మాట మాట్లాడతారు. అక్కడే చిక్కు. నేను విశాఖ పోర్టులో ఆడిట్ పని చేసి రిటైరైనవాడిని. ఒకే సరుకుకు పదిమంది కొటేషన్లు పంపితే ఎవరిది ఒప్పుకోవాలో తేల్చే పద్ధతి మాకు ఉంది. దానినే పిల్లలకు చెప్పాను, ఇక్కడ రాస్తున్నాను.

టెండరులో మొదటి సూత్రం: షరతులు ముందు, కవర్లు తర్వాత. కవరు తెరిచి పేరు చూశాక షరతులు రాస్తే, అవి ఆ పేరుకు కొలతలు తీసి కుట్టినట్టే ఉంటాయి. అలాంటి ఫైలు మీద అభ్యంతరం రాయని ఆడిటరు ఉండడు. కాబట్టి ఏ అభ్యర్థి ప్రసంగమూ వినకముందే, ఒక తెల్లకాగితం మీద మీకు ఏవి ముఖ్యమో రాసి, మొత్తం వంద మార్కులు పంచండి. మా అమ్మాయి వైద్య బీమాకు 30, బడుల్లో తుపాకుల భయానికి 25, పన్నులు, ధరలకు 20, వలస విధానానికి 15, విదేశాంగానికి 10 వేసింది. వలసకు కనీసం 40 ఉండాలని నేను పట్టుబట్టాను. "వీసా కావలసింది మీకు నాన్నా, మాకు కాదు. మేము రోజూ పిల్లవాణ్ణి బడికి పంపాలి" అంది. ఓటు ఆమెది, మార్కులూ ఆమెవే.

ఈ వీసా సంగతి కాస్త చెప్పాలి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేశాక, కాళీమాత గుడి నుంచి కురుసురా సబ్‌మెరైన్ వైపు నడిచే మా రిటైర్డ్ బృందంలో ఒకరి కొడుకు అట్లాంటాలో, ఒకరి కోడలు సియాటెల్‌లో. అమెరికా రాజకీయం మాట్లాడని రోజు లేదు. అందరి తూనికరాయీ ఒకటే: హెచ్-1బి ఉద్యోగ వీసాకు ఎవరు మంచి? రెండో తూనికరాయి 'మనవాడేనా?' అన్నది. అధ్యక్ష టికెట్టుకు పోటీపడ్డ కమలా హారిస్, నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి ముగ్గురికీ భారతదేశంలో మూలాలున్నాయి. వైద్య బీమా మీద ముగ్గురూ మూడు దారులు. పేరు చూసి మార్కులు వేసేవాళ్లు కనీసం ఆ సంగతి తెలిసి వేస్తే మంచిది. బంధుప్రీతికి ఓ ఐదు మార్కులు ఇవ్వాలనిపిస్తే ఇచ్చుకోండి, కాగితం మీద బాహాటంగా ఇచ్చుకోండి. మనసులో దాచి పెట్టి వేసే మార్కులే మొత్తం లెక్కను తప్పిస్తాయి.

షరతులయ్యాక కంపారిటివ్ స్టేట్‌మెంట్ గీయాలి. నిలువు గళ్లలో అభ్యర్థులు, అడ్డు వరుసల్లో మీ షరతులు. ఒక్కో గడిలో రెండు ముక్కలు రాయండి: ఏమన్నారు, ఏం చేశారు. మొదటిది ప్రచార వెబ్‌సైటులో దొరుకుతుంది, దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. రెండోదాని కోసం కాస్త తవ్వాలి. సెనేటర్లుగానో, ప్రతినిధుల సభ సభ్యులుగానో పనిచేసినవాళ్లయితే అమెరికా కాంగ్రెస్ (ఈ రెండు సభలూ కలిసిన అక్కడి పార్లమెంటు) అధికారిక వెబ్‌సైటులో ప్రతి బిల్లూ దొరుకుతుంది. ఎవరు ప్రతిపాదించారో, ఎవరు సహప్రతిపాదకులో, ఎవరు ఏ ఓటు వేశారో చూడవచ్చు. గవర్నరుగా (అక్కడ మన ముఖ్యమంత్రి లాంటి పదవి) పనిచేసినవాళ్లయితే వీటో చేసిన బిల్లులు చూడండి. ఏ పదవీ చేయని వ్యాపారి అయితే కంపెనీ దాఖలు చేసిన పత్రాలు, కోర్టు వ్యాజ్యాలు చూడండి.

ఒక ఉదాహరణ విప్పి చూపిస్తాను. గ్రీన్ కార్డులో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి మనవాళ్లను ఏళ్ల తరబడి వరుసలో నిలబెట్టింది. ఉద్యోగాల కోటాలో దాన్ని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. సెనేట్‌లో అలాంటి బిల్లునే రిపబ్లికన్ మైక్ లీ, డెమొక్రాట్ కమలా హారిస్ కలిసి తెచ్చారు. 2020 డిసెంబరులో సెనేట్ కూడా ఒప్పుకుంది. కానీ ఆ సభ ఆమోదించిన రూపం వేరు, ఈ సభ ఆమోదించిన రూపం వేరు. రెండింటినీ కలపకముందే కాంగ్రెస్ గడువు ముగిసి బిల్లు మురిగిపోయింది. ఇప్పుడు చెప్పండి, 'నేను మద్దతిచ్చాను' అని ఓ అభ్యర్థి అంటే అది అబద్ధమా? కాదు. పని జరిగిందా? లేదు. అందుకే గడిలో 'మద్దతు' అన్న ఒక్క మాట రాసి ఊరుకోకండి. బిల్లు ఎక్కడిదాకా వెళ్లింది, సొంత పార్టీకి గిట్టని చోట కూడా ఈయన నిలబడ్డారా, అవతలి పార్టీలో ఒక్కరినైనా తెచ్చుకోగలిగారా అన్నవి రాయండి. సహప్రతిపాదకుల జాబితాలో పేరు చేర్చడం చౌక. సొంతవాళ్ల కోపానికి గురైన ఓటు ఖరీదైనది. మార్కులు ఖరీదైనదానికి వేయాలి.

ప్రతి హామీ పక్కనా ఇంకో గుర్తు పెట్టండి: ఇది అధ్యక్షుడి సంతకంతో అయ్యే పనా, కాంగ్రెస్ చట్టం కావాలా? హెచ్-1బికి ఏటా 65,000, అమెరికాలో పెద్ద చదువు చదివినవారికి మరో 20,000 అన్న సంఖ్య చట్టంలో ఉంది. 'రెట్టింపు చేస్తాను' అని ఏ అభ్యర్థి అన్నా కాంగ్రెస్ తలూపాలి. అలాగని అధ్యక్షుడి చేతిలో ఏమీ లేదనుకోకూడదు. హెచ్-1బి వారి కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న కొందరు జీవిత భాగస్వాములకు ఉద్యోగానుమతి 2015లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన నిబంధనతో వచ్చింది. 2025 సెప్టెంబరులో ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టి కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. సంతకంతో అయ్యే హామీలకు పూర్తి మార్కులు, చట్టం కావలసినవాటికి సగం వేయండి. అది నా లెక్క, మీరు మార్చుకోవచ్చు.

ఇక నాకు ఇష్టమైన భాగం, డబ్బు లెక్కలు. మన అభ్యర్థులు నామినేషనుతో పాటు అఫిడవిట్ ఇస్తారు. కేసులు, ఆస్తులు, అప్పులు, ఇంట్లో బంగారం, కార్లు అన్నీ అందులో ఉంటాయి. అక్కడి అధ్యక్ష అభ్యర్థులూ ఆస్తుల వెల్లడి పత్రం ఇస్తారు గానీ, అంకెలు ఇంత నుంచి ఇంత వరకు అని ఉంటాయి. 15,001 డాలర్ల నుంచి 50,000 లోపు అంటే ఏ లెక్క కింద రాసుకోవాలి? మా పోర్టులో ఇలా రాసిస్తే ఫైలు వెనక్కి వచ్చేది. ఆదాయపు పన్ను పత్రాలు బయటపెట్టాలన్న చట్టం కూడా లేదు, అదో ఆనవాయితీ. 2016లో ట్రంప్ దాన్ని పక్కన పెట్టారు.

విరాళాల లెక్క మాత్రం మనకంటే ఎంతో నయం. ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైటులో అభ్యర్థి పేరు కొడితే రాబడి, ఖర్చు, చేతిలో నగదు, అప్పులు వరసగా కనిపిస్తాయి. మొత్తం 200 డాలర్లు దాటి ఇచ్చిన ప్రతి దాత పేరు, ఊరు, వృత్తి, పనిచేసే సంస్థ అందులో ఉంటాయి. వృత్తి దగ్గర 'రిటైర్డ్' అని వరసగా పేజీలు నిండిపోతుంటాయి, మా జాతి అక్కడా తక్కువేం కాదు. నేను చూసేవి రెండు. ఒకటి, 200 లోపు ఇచ్చిన చిన్న దాతల వాటా ఎంత. రెండోది, రాబడి కంటే ఖర్చు వేగంగా పరుగెడుతోందా. 2015లో విస్కాన్సిన్ గవర్నరు స్కాట్ వాకర్ మంచి ఊపుమీద బరిలోకి దిగి, ఖర్చుకు తగ్గ రాబడి లేక 70 రోజులకే తప్పుకొన్నారు. డబ్బుంటే చాలనీ అనుకోవద్దు. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ 90 కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము పోసి చివరికి గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. సూపర్ పాక్‌లని, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ప్రచారానికి ఖర్చు చేసే సంఘాలు వేరే ఉన్నాయి. 2010 తర్వాత వాటికి ఇచ్చే మొత్తానికి పరిమితి లేదు. ఒక ప్రకటన మిమ్మల్ని బాగా భయపెడితే, అడుగున దానికి డబ్బు కట్టినవారి పేరు చదవండి.

డిబేట్లు అక్కడ రాత్రి 9కి మొదలైతే శీతాకాలంలో మనకు మర్నాడు ఉదయం 7:30. కాఫీ తాగుతూ చూడటానికి బాగుంటాయి. మార్కులకు పనికిరావు.

సర్వేల సంగతీ అంతే. 2007లో దేశవ్యాప్త సర్వేల్లో ముందున్నవారు డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్, రిపబ్లికన్లలో రూడీ జూలియానీ. 2008లో టికెట్టు దక్కింది ఒబామాకు, మెకెయిన్‌కు.

పట్టిక పూర్తయ్యాక మీరున్న రాష్ట్రం నియమాలు చూసుకోవాలి. ఇందులో పొరపాటు పడితే పైన చేసిన పనంతా వృథా. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు ప్రైమరీ రోజున పార్టీ చెప్పి ఓటు వేయవచ్చు. ఇప్పటికే ఒక పార్టీలో నమోదై ఉంటే, మారడానికి 55 రోజుల ముందే కాగితం ఇవ్వాలి. టెక్సాస్‌లో పార్టీ నమోదే లేదు, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే అడుగుతారు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఆ పార్టీలో నమోదైనవారికే ఓటు.

ఓట్లు ప్రతినిధులుగా మారే తీరు కూడా తెలియాలి. ఇక్కడ ప్రతినిధులంటే ప్రతినిధుల సభ సభ్యులు కాదు, పార్టీ తరఫున అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లు. డెమొక్రాట్లలో రాష్ట్రం మొత్తం మీద గానీ, అందులోని ఏ జిల్లాలో గానీ 15 శాతమైనా రాని అభ్యర్థికి ఒక్క ప్రతినిధీ దక్కరు. మీకు నచ్చినాయన మీ రాష్ట్రంలో ఆరేడు శాతం దగ్గర ఉంటే, మీ రెండో ఎంపిక వైపు గట్టిగా చూడాల్సిన సమయం వచ్చినట్టే. రిపబ్లికన్లలో రాష్ట్రానికో పద్ధతి. 2024లో కాలిఫోర్నియాలో సగం దాటిన ట్రంప్‌కు మొత్తం 169 మంది ప్రతినిధులూ వెళ్లారు. ఆ ఏడాది ఆయనకు కావలసింది 2,429లో 1,215. ప్రతినిధులు ఉత్త అలంకారమనుకునేవారికి అదే ఏడాది గుర్తుచేస్తాను: జులైలో బైడెన్ తప్పుకొన్నాక హారిస్‌ను అభ్యర్థిగా ఎన్నుకున్నది ఆ ప్రతినిధులే.

తేదీలదీ పెద్ద పాత్ర. 2024లో టెక్సాస్ మార్చి 5న ఓటేసింది, న్యూజెర్సీ జూన్ 4న. ట్రంప్, బైడెన్ ఇద్దరికీ కావలసిన సంఖ్య మార్చి 12కే సమకూరింది. కాబట్టి డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు చేతిలో పదునైన ఓటు ఉంటుంది. మా అమ్మాయి ఓటు వంతు వచ్చేసరికి పందెం అయిపోయి ఉండవచ్చు. ఆమె మద్దతు పనికిరావాలంటే ముందే విరాళంగానో, ఫోన్లు చేసే శ్రమగానో ఇవ్వాలి. 2025-26కు ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వగల గరిష్ఠం 3,500 డాలర్లు. ప్రైమరీ, నవంబరు ఎన్నిక వేర్వేరు లెక్క. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. హెచ్-1బి మీద ఉన్నవారు పైసా ఇవ్వకూడదు. జీతం లేకుండా ప్రచారంలో సాయం చేయవచ్చు. నేను ఇక్కడి నుంచి డబ్బు పంపి అమ్మాయి పేరుతో ఇప్పించడం నేరం. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. పౌరసత్వం రానివారు అలవాటుగా అవునని టిక్కు పెట్టేయవద్దు. తర్వాత పౌరసత్వ దరఖాస్తుకే అడ్డం పడుతుంది.

ఓటు ముందుగా వేసే సదుపాయం ఉందని తొందరపడకండి. 2020లో సూపర్ ట్యూస్‌డే, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ప్రైమరీ ఓటు వేసే రోజు, మార్చి 3న. డెమొక్రాటిక్ పోటీలో ఉన్న బుటిజెజ్ మార్చి 1న, క్లోబుచార్ 2న తప్పుకొన్నారు. అప్పటికే వారికి ముందస్తు ఓటు వేసినవారు టెక్సాస్‌లో మళ్లీ వేసే వీలు లేదు. పదిమంది పోటీలో ఉన్నప్పుడు ముందస్తు ఓటింగ్ చివరి రోజు దాకా, వీలైతే అసలు పోలింగు రోజు దాకా ఆగండి. ఆ ఉదయం ఎవరు మిగిలారో చూసి, మొదటి పేరు పోయి ఉంటే పట్టికలో రెండో స్థానంలో ఉన్నవారికి వేయండి.