అమెరికాలో ఇల్లు, మార్ట్‌గేజ్ సెటిల్‌మెంట్ డబ్బుకు క్లెయిమ్: ఫారం తేలికే, కాగితం దగ్గరే చిక్కు

ఇల్లు, మార్ట్‌గేజ్ (ఇంటి లోను) దావాల్లో కంపెనీలు రాజీపడి ఇచ్చే సెటిల్‌మెంట్ డబ్బులో మీకు వాటా ఉండొచ్చని చెప్పే నోటీసు చేతికొచ్చాక ముందు చూడాల్సింది ఒక్కటే. ఈ డబ్బు అడిగితేనే వస్తుందా, అడక్కపోయినా వస్తుందా? 2013లో ఫోర్‌క్లోజర్ (లోను కట్టలేదని ఇంటిని జప్తు చేయడం) సమీక్ష ఒప్పందం కింద 300 డాలర్ల నుంచి 1,25,000 డాలర్ల దాకా చెక్కులు వెళ్లాయి. వాటికి ఎవరూ క్లెయిమ్ వేయనక్కర్లేకపోయింది. అంతకుముందు 2012లో ఐదు పెద్ద బ్యాంకులతో కుదిరిన 2,500 కోట్ల డాలర్ల జాతీయ మార్ట్‌గేజ్ ఒప్పందంలో మాత్రం, 2008-2011 మధ్య ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఫారం పంపితేనే చెక్కు వచ్చింది. ఈ రెండూ ప్రభుత్వ సంస్థలు కుదిర్చిన ఒప్పందాలు. కోర్టులో నడిచే క్లాస్ యాక్షన్లలోనూ (ఒకే నష్టం జరిగిన అందరి తరఫున, అంటే ఆ ‘క్లాస్’ తరఫున, వేసే ఉమ్మడి దావాల్లోనూ) రెండు పద్ధతులూ ఉంటాయి. నోటీసులో ‘మీ హక్కులు’ అన్న పట్టిక చదివితే ఏది వర్తిస్తుందో తెలిసిపోతుంది.

క్లెయిమ్ వేయాల్సిన కేసులో ఊరుకుంటే డబ్బు రాదు. పైగా అదే విషయం మీద విడిగా దావా వేసే హక్కు కూడా పోతుంది. క్లాస్‌లోంచి తప్పుకుంటున్నామని గడువులోగా రాసి పంపినవాళ్లకే ఆ హక్కు మిగులుతుంది. అందుకే ‘చూద్దాంలే’ అని పక్కన పెట్టొద్దు.

ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. నోటీసు మీద ఉన్న ఐడీ, పిన్‌లతో సైట్‌లోకి వెళ్లి ఇంటి చిరునామా, తేదీలు, డబ్బు ఎలా కావాలో రాసి సంతకం చేస్తే సరి. ఆ సంతకం ప్రమాణపూర్వకమైనది కాబట్టి తెలియని అంకెను ఊహించి రాయకండి. నోటీసు పోయినా ఫర్వాలేదు, అడ్మినిస్ట్రేటర్‌కు (క్లెయిములు పరిశీలించి డబ్బు పంచే సంస్థకు) రాసి ఐడీ అడగొచ్చు. పోస్టులో పంపేవాళ్లు గడువు ‘పోస్టుమార్క్’ (పోస్టాఫీసు ముద్ర) తేదీకా, ‘చేరే’ తేదీకా అన్నది చూసుకోవాలి.

చిక్కంతా ఆధారం జతచేసే దగ్గర మొదలవుతుంది. ఈమధ్య అందరూ విన్న కేసు చూడండి. ఇల్లు అమ్మినవాళ్లు ఏజెంట్లకు కట్టిన కమిషన్ మీద మిస్సోరీ ఫెడరల్ కోర్టులో నడిచిన దావా అది. 2023 అక్టోబర్ 31న జ్యూరీ అమ్మకందారుల పక్షాన తీర్పిచ్చింది. 2024 మార్చిలో ఏజెంట్ల సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఆ ఒప్పందానికి క్లెయిమ్ గడువు 2025 మే 9తో ముగిసింది. దాని కింద ఇప్పుడు కూడా వేయిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇల్లు ఏ ఎంఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకపు ఇళ్ల వివరాలు పెట్టే ప్రాంతీయ జాబితాలో) పెట్టారన్నదాన్నిబట్టి అర్హత తేదీలు మారాయి. అమ్మిన తేదీ, కట్టిన కమిషన్ రెండూ చూపగలిగే కాగితం ఉంటే మంచిది. ఇలాంటి చోట చాలామంది కౌంటీ రికార్డర్ ఆఫీసులో దొరికే డీడ్ (ఇంటి హక్కు పత్రం) నకలు జతచేస్తారు. డీడ్‌లో పేరు, తేదీ ఉంటాయి గానీ కమిషన్ ఊసే ఉండదు.

కావాల్సింది క్లోజింగ్ రోజు, అంటే అమ్మకం పూర్తయిన రోజు, సంతకాలు చేసిన కట్టలోని లెక్కల పత్రం. 2015 అక్టోబర్ 3 నుంచి దరఖాస్తు చేసిన లోన్లతో జరిగిన క్లోజింగ్‌లకు అది ‘క్లోజింగ్ డిస్‌క్లోజర్’. లెక్కల పేజీలో ‘హెచ్’ విభాగం కింద ‘రియల్ ఎస్టేట్ కమిషన్’ వరుస, దాని ఎదురుగా అమ్మకందారు కట్టిన మొత్తం ఉంటాయి. అంతకు ముందువాటికి ‘హడ్-1’. దాని రెండో పేజీలో 700 నుంచి మొదలయ్యే వరుసల్లో, 703 దగ్గర, సెటిల్‌మెంట్‌లో చెల్లించిన కమిషన్ కనిపిస్తుంది. కొన్నవాళ్లు నగదు పెట్టి కొంటే రెండూ ఉండకపోవచ్చు. అప్పుడు టైటిల్ కంపెనీ (ఇంటి హక్కులు పరిశీలించి క్లోజింగ్ జరిపే సంస్థ) ఇచ్చిన సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పనికొస్తుంది. కొన్నప్పటి పత్రం వేరు, అమ్మినప్పటి పత్రం వేరు. ఒకే ఫోల్డర్‌లో రెండూ ఉండటంతో కొన్నప్పటిది పంపేసేవాళ్లు ఉన్నారు.

పత్రం పోతే టైటిల్ కంపెనీని లేదా క్లోజింగ్ డబ్బు చూసుకున్న ఎస్క్రో కంపెనీని, జార్జియాలాంటి రాష్ట్రాల్లోనైతే క్లోజింగ్ చేసిన అటార్నీని అడగండి. తర్వాత మీ లిస్టింగ్ ఏజెంట్ పనిచేసిన బ్రోకరేజీని. లోనిచ్చిన సంస్థ క్లోజింగ్ డిస్‌క్లోజర్‌ను 5 ఏళ్లు దాచాలన్నది ఫెడరల్ నియమం. అది దాటితే దొరుకుతుందన్న భరోసా లేదు కాబట్టి నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోవడం మేలు.

మార్ట్‌గేజ్ కేసుల్లో చిక్కు ఇంకోలా ఉంటుంది. లోను ఒక సర్వీసర్ (నెలనెలా వాయిదాలు వసూలు చేసే సంస్థ) నుంచి ఇంకో సర్వీసర్‌కు మారినప్పుడు సాధారణంగా లోన్ నంబర్ మారుతుంది. కేసు పాత సర్వీసర్ మీద అయితే ఇప్పటి నంబర్ రాసినా లాభం లేదు. పాత నంబర్ దొరికే చోట్లు రెండు: బదిలీ అప్పుడు వచ్చిన ఉత్తరం, ఆ ఏడాది ఫారం 1098 (కట్టిన లోను వడ్డీ చూపే పన్ను పత్రం). అవీ లేకపోతే పాత సర్వీసర్‌కు రాతపూర్వకంగా సమాచారం అడగొచ్చు. ఉత్తరం అందిందని వాళ్లు ఐదు పని దినాల్లో చెప్పాలి, ముప్పై పని దినాల్లో జవాబివ్వాలి. కాకపోతే లోను బదిలీ అయి, లేదా తీరిపోయి ఏడాది దాటితే జవాబిచ్చే బాధ్యత వాళ్లకు ఉండదు.

మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. డీడ్‌లో ‘వెంకట సత్యనారాయణ’ అని పూర్తిగా, లోను ఖాతాలో ‘వెంకట ఎస్’ అని, లైసెన్సులో ఇంటిపేరు ముందుకొచ్చి, ఒక్కోసారి ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని కూడా ఉంటుంది. ఫారంలో క్లోజింగ్ పత్రంలో ఎలా ఉందో అలాగే అక్షరం మార్చకుండా రాయండి. క్లోజింగ్ కట్టలో చాలాసార్లు ‘నేమ్ అఫిడవిట్’ అని ఒక పేజీ ఉంటుంది, ఈ పేర్లన్నీ నావేనని మీరు సంతకం చేసినది. చాలామందికి అది ఉందనే గుర్తుండదు. లైసెన్స్ నకలుతో పాటు దాన్ని జతచేస్తే అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది. ఇల్లు లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తి పెట్టుకునే ట్రస్ట్) పేర ఉంటే ట్రస్టీగా సంతకం చేసి, ట్రస్ట్ ఉందని చూపే ‘ట్రస్ట్ సర్టిఫికేషన్’ పెట్టండి. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా వేయొద్దు. ఒక ఇంటికి రెండు క్లెయిములు కనిపిస్తే రెండూ ఆగిపోవచ్చు.

ఏదైనా తక్కువైతే అడ్మినిస్ట్రేటర్ ‘డెఫిషియెన్సీ నోటీసు’ (లోపం సరిదిద్దమనే నోటీసు) పంపుతాడు. అర్హత ఉన్న క్లెయిములు కూడా చచ్చిపోయేది ఇక్కడే. ఆ మెయిల్ బ్యాంకు పేరుతో రాదు. జేఎన్‌డీ, ఎపిక్, క్రోల్ లాంటి అడ్మినిస్ట్రేటర్ పేరుతో వస్తుంది, స్పామ్‌లో పడుతుంది. జవాబుకు ఇచ్చే గడువు తరచూ కొన్ని వారాలే. అది వచ్చిందంటే క్లెయిమ్ తిరస్కరించారని కాదు, కంగారు పడొద్దు. అడిగిన కాగితం, క్లెయిమ్ నంబర్ రాసి పంపితే చాలు. క్లెయిమ్ వేసిన రోజే ఆ పంపేవాళ్ల చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోండి. ఇల్లు మారితే అడ్మినిస్ట్రేటర్‌కే నేరుగా చెప్పండి. పోస్టాఫీసు ఉత్తరాలు మళ్లించేది సాధారణంగా ఏడాదే, ఈ కేసులు దానికంటే ఎక్కువ కాలం సాగుతాయి.

మధ్యవర్తుల సంగతి. ‘మేమే వేసిపెడతాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి’ అనేవాళ్లకు మీరు చేయలేని పని ఏదీ తెలియదు. క్లాస్ లాయర్ల ఫీజు కోర్టు ఆమోదించిన మేరకు తేలిపోతుంది, మీరు విడిగా ఒక్క డాలరు ఇవ్వక్కర్లేదు. డబ్బు విడుదల చేయడానికి ముందు ఫీజు కట్టమన్నా, ఓటీపీ అడిగినా అది మోసం. డబ్ల్యూ-9 ఫారం (పన్ను కోసం మీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇచ్చేది) అడగడం మాత్రం కొన్ని కేసుల్లో మామూలే. అయినా ఫోనులో సోషల్ సెక్యూరిటీ నంబర్ చెప్పకండి, నోటీసులో ఉన్న సైట్ ద్వారానే ఇవ్వండి. అనుమానం ఉంటే, ఫెడరల్ కోర్టు కేసైతే, నోటీసు మీది కేసు నంబర్‌ను ఫెడరల్ కోర్టుల రికార్డులుండే పేసర్ సైట్‌లో వెతకండి.

కోర్టు తుది ఆమోదం ఇచ్చినా అప్పీళ్లు ఉంటే అవి తేలేదాకా డబ్బు పంపరు. ఆ ఆలస్యం చూసి క్లెయిమ్ పోయిందనుకోవద్దు, మళ్లీ ఇంకోటి వేయొద్దు.

చెక్కు వచ్చాక 90 రోజుల్లాంటి గడువుంటుంది, దాని మీదే రాసి ఉంటుంది. ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. డాలరు చెక్కును ఇండియా బ్యాంకులు తీసుకున్నా, వసూలుకు వారాలు పట్టి గడువు దాటిపోవచ్చు. అమెరికా ఖాతా ఒకటి మూసేయకుండా ఉంచుకుని, ఫారంలో ఎలక్ట్రానిక్ చెల్లింపును ఎంచుకోండి. గడువు దాటిన చెక్కు చేతిలో ఉంటే పారేయకండి. కొత్తది ఇమ్మని అడ్మినిస్ట్రేటర్‌కు రాయండి. నిధి మూసేలోపు అయితే చాలాసార్లు మళ్లీ ఇస్తారు. పాత కేసుల చెక్కు సంగతైతే అమెరికాలో అప్పట్లో మీరు ఉన్న రాష్ట్రపు ‘అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ’ (ఎవరూ తీసుకోని డబ్బు) సైట్‌లో పాత చిరునామా, పేరు వేర్వేరు స్పెల్లింగులతో వెతికి చూడండి, అది ఉచితమే.