డిగ్నిటీ థెరపీ: చివరి రోజుల్లో ఉన్నవారి మాటలు రాసిపెట్టే పద్ధతి

కెనడాలోని విన్నిపెగ్‌లో మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ రూపొందించిన పద్ధతి ఇది. ఆలోచించుకోవడానికి రోగికి ప్రశ్నలు ముందే ఇస్తారు. తర్వాత వాళ్ల మాటల రికార్డింగ్; అది గంటలోపే ముగుస్తుంది. "బతుకు నిండుగా అనిపించింది ఎప్పుడు?" అని అడిగి ఆగండి. మౌనాన్ని మాటలతో పూడ్చొద్దు. అసలు జవాబు చాలాసార్లు దాని వెనకే వస్తుంది. "మా ఆవిడ పెట్టిన చారు" అన్నారనుకోండి, "ఆ వంటగది ఎలా ఉండేది?" అనండి. పెద్ద పెద్ద అర్థాల కోసం తొందరపెట్టడమే ఇక్కడ జరిగే తప్పు.

రెండు మూడు రోజుల్లో అంతా కాగితం మీద పెట్టి, వరుస సరిచేసి, రోగికే చదివి వినిపించాలి. ఇంట్లోవాళ్లను నొప్పించే మాటుంటే, ఉంచాలా తీసేయాలా అని అప్పుడే అడగండి; ఆ కాగితం మిగిలేది వాళ్ల దగ్గరే. తెలివి మసకబారాక ఇది కుదరదు కాబట్టి ఓపికున్న పూటే మొదలుపెట్టండి.