వైబీసీఓని టీఈఎంలో చూడాలంటే ముందు నీళ్ళకి దూరంగా ఉంచండి

వైబీసీఓ అంటే ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్, ఏమీ కలపకపోతే 92 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ (కరెంటుకి అడ్డు లేని పదార్థం) అవుతుంది. అందులో కొంచెం ఐరన్ కలిపి, అంటే డోప్ చేసి, దాని మైక్రోస్ట్రక్చర్ (లోపలి సన్నటి నిర్మాణం) టీఈఎంలో, అంటే పల్చటి శాంపిల్ గుండా ఎలక్ట్రాన్ బీమ్ పంపే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో, చూద్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. చెన్నైలో చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఇక్కడి ఉక్కపోత దానికి అస్సలు పడదు.

నా మొదటి పెల్లెట్‌ని (పొడిని నొక్కి కాల్చిన బిళ్ళ) అలవాటుకొద్దీ నీళ్ళు పోస్తూ ఎమరీ పేపర్ మీద రుద్దేసి రాత్రంతా టేబుల్ మీదే వదిలేశా, పొద్దున చూస్తే నల్లటి పెల్లెట్ మీద తెల్లగా బూజు పట్టినట్టుంది. తేమ తగిలి బేరియం హైడ్రాక్సైడ్ అయ్యి, గాల్లో కార్బన్ డయాక్సైడ్‌తో కార్బొనేట్ అయిపోయింది. చాలా బాధేసింది. అందుకే నీళ్ళొద్దు, డైమండ్ ఫిల్మ్ మీద నీళ్ళు లేని ఆల్కహాల్‌తో రుద్దండి, పని ఆపిన ప్రతిసారీ సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరని మూత డబ్బా) పెట్టేయండి.

మందం 100 మైక్రాన్లకి వచ్చాక డింపుల్ చేసి (మధ్యలో గుంటలా అరగదీసి), ఆర్గాన్ అయాన్ మిల్లింగ్‌కి పెట్టండి, అంటే ఆర్గాన్ అయాన్లతో కొట్టి మధ్యలో చిన్న రంధ్రం పడేదాకా పల్చన చేయడం. స్టేజ్‌ని లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లగా ఉంచండి, చివర్లో వోల్టేజ్ తగ్గించండి, లేకపోతే అంచు అమార్ఫస్ (అణువుల వరుస చెదిరిన స్థితి) అయిపోతుంది, వేడికి ఆక్సిజన్ కూడా పోతుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత చూసేదంతా మనం పాడుచేసిన శాంపిలే.

ఇక మైక్రోస్కోప్‌లో సి-యాక్సిస్ (క్రిస్టల్‌లో పొరలకి నిలువుగా ఉండే దిశ) వెంట చూడండి. డోపింగ్ లేని శాంపిల్‌లో ట్విన్లు (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే క్రిస్టల్ ముక్కలు) పక్కపక్కనే గీతలు గీసినట్టు కనిపిస్తాయి, డిఫ్రాక్షన్‌లో (క్రిస్టల్ చెదరగొట్టిన ఎలక్ట్రాన్లు చుక్కలుగా పడే చిత్రం) స్పాట్లు చీలి ఉంటాయి. ఐరన్ కాపర్ చెయిన్లలోకి (క్రిస్టల్‌లో కాపర్, ఆక్సిజన్ గొలుసులా ఉండే వరుసలు) వెళ్ళి కూర్చుంటుంది, అది సుమారు 3 శాతం దాటేసరికి ఆ గీతలు పోయి, అడ్డం నిలువు నేసిన బట్టలాగా సన్నటి ట్వీడ్ కాంట్రాస్ట్ వస్తుంది, స్పాట్ల చుట్టూ ప్లస్ గుర్తులా చారలు కనిపిస్తాయి. మొదటిసారి అది స్క్రీన్ మీద చూసినప్పుడు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా, అంత బాగుంటుంది. కానీ బీమ్ వేడికి కూడా ట్విన్లు చెదిరిపోవచ్చు, అందుకే ఆ చోటికి రాగానే ఫోటో తీసి, అయిదు నిమిషాల తర్వాత అదే చోట మళ్ళీ తీసి రెండూ పోల్చండి.

ఈడీఎస్‌తో (శాంపిల్ నుంచి వచ్చే ఎక్స్‌రేల శక్తిని బట్టి ఏ మూలకం ఎంతుందో చెప్పే పద్ధతి) ఐరన్ ఎంతుందో కొలిచేటప్పుడు ఒక విషయం, మైక్రోస్కోప్ పోల్ పీస్‌లోనే (శాంపిల్ చుట్టూ ఉండే లెన్స్ అయస్కాంత భాగం) ఐరన్ ఉంటుంది, దాని ఎక్స్‌రేలు కూడా ఐరన్‌ది అయిన 6.4 కేఈవీ పీక్‌లో కలిసిపోతాయి. ముందు శాంపిల్‌లో ఉన్న రంధ్రం మీద బీమ్ పెట్టి స్పెక్ట్రమ్ తీసుకోండి, అక్కడ ఎంత ఐరన్ వచ్చిందో తర్వాత శాంపిల్ మీద వచ్చినదాంట్లోంచి తీసేయండి. శాంపిల్‌ని పొడి చేసి గ్రిడ్ (శాంపిల్‌ని పట్టుకునే చిన్న లోహపు జల్లెడ) మీద వేసేవాళ్ళు కాపర్ గ్రిడ్ వాడకండి, మన శాంపిల్‌లోనూ కాపరే కదా, నికెల్‌దో మాలిబ్డినమ్‌దో తీసుకోండి.