ట్రావెల్ ఓటీకి స్టేట్ లైసెన్స్: తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు

రిక్రూటర్ ఫోన్ చేసి "మంచి కాంట్రాక్ట్ పడింది, 13 వారాలు, వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి, ఈలోపు లైసెన్స్ వచ్చేస్తుందిలెండి" అంటే, మిగతాదంతా నమ్మినా ఆ చివరి ముక్క మాత్రం నమ్మకండి. లైసెన్స్ ఇచ్చేది ఆయన కాదు, ఏజెన్సీ కాదు, ఆ స్టేట్ బోర్డు. మీరు ఏ సోమవారం చేరాలో బోర్డుకి తెలియదు, తెలిసినా పట్టదు. అమెరికాలో ట్రావెల్ ఓటీగా, అంటే కొన్ని వారాల కాంట్రాక్టుల మీద స్టేట్ స్టేట్‌కీ మారే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా (ఓటీ) ఊళ్లు తిరిగిన ఏళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, లైసెన్స్ గేదె లాంటిది: కొనేటప్పటి ఖర్చు కళ్లకు కనపడుతుంది, మేపడానికయ్యేది తర్వాత తెలుస్తుంది. కొత్త స్టేట్‌కి అప్లై చేసేముందే దాన్ని ఎన్నాళ్లు మేపుతారో లెక్కేసుకోండి.

ముందు చాలామందికి ఉండే తికమక ఒకటి తీర్చేస్తాను. ఎన్‌బీకాట్ (ఓటీలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ) సర్టిఫికేషన్ వేరు, స్టేట్ లైసెన్స్ వేరు. ఎన్‌బీకాట్ పరీక్ష దేశం మొత్తానికి ఒకటే, 450 స్కోరుతో గట్టెక్కితే స్టేట్ మారినప్పుడల్లా మళ్లీ రాయక్కర్లేదు. కానీ ఆ సర్టిఫికెట్ పట్టుకుని పేషెంట్ మీద చెయ్యి వేయడానికి లేదు, దానికి ఆ స్టేట్ అనుమతే కావాలి, 50 స్టేట్లలోనూ అంతే. ఎన్‌బీకాట్‌ని మూడేళ్లకోసారి కోర్సుల్లాంటివి చేసి తెచ్చుకున్న 36 యూనిట్లతో రెన్యూ చేసుకోవాలి. మొదటిసారి లైసెన్స్ ఇచ్చాక చాలా స్టేట్లు దాని ఊసెత్తవు కాబట్టి కొందరు వదిలేస్తారు. ఒకేచోట ఉండిపోయేవాళ్లకు అది నడుస్తుందేమో, తిరిగేవాళ్లు మాత్రం వదలకూడదంటాను. వదిలేస్తే పేరు పక్కన ఓటీఆర్ (రిజిస్టర్డ్ ఓటీ) అని రాసుకునే హక్కు పోతుంది, పైగా కొత్త స్టేట్ దగ్గర అది ఎందుకు లేదో సంజాయిషీ రాసుకుంటూ కూర్చోవాలి.

వెల్లూరులోనో, మణిపాల్‌లోనో, కటక్ దగ్గరో బీఓటీ (ఓటీలో బ్యాచిలర్స్ డిగ్రీ) చదివి వచ్చినవాళ్లకు పరీక్ష కంటే ముందు ఎన్‌బీకాట్ వాళ్ల అర్హత పరిశీలన ఒకటి ఉంటుంది. మన చదువు ఇక్కడి మాస్టర్స్ స్థాయికి తూగుతుందా లేదా అని అందులో చూస్తారు. ఆ కథ పెద్దది, ఇప్పుడు వద్దు. పేర్ల గొడవ మాత్రం చెప్పి తీరాలి. మార్కుల లిస్టులో "కె. లక్ష్మీ ప్రసన్న", పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విడమరిచి, పెళ్లయ్యాక సోషల్ సెక్యూరిటీ కార్డులో భర్త ఇంటిపేరు: మనకు ఒక్క మనిషే, బోర్డు గుమస్తాకి ముగ్గురు. ఇంటిపేరు ముందు రాసి పొడి అక్షరంలో ముగించడం మన అలవాటని వాళ్లకేం తెలుసు. అందుకని ఒక్క స్టేట్‌కి కూడా అప్లై చేయకముందే ఎన్‌బీకాట్‌లో పేరు, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేట్టు చూసుకోండి. పాత కాగితాల మీద పేరు మారదు కాబట్టి ఆ పేరు, ఈ పేరు ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఫోల్డర్‌లో పెట్టేసుకోండి. ప్రతి స్టేట్‌కీ అవే పంపొచ్చు.

వీసా సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పుకుందాం. హెచ్1బీ మీద ట్రావెల్ ఓటీ చేస్తానంటే నేనైతే వద్దంటాను. 2015లో సిమియో కేసులో వచ్చిన నిర్ణయం ప్రకారం, పనిచేసే చోటు ఆ మెట్రో ఏరియా దాటితే యజమాని ముందుగానే సవరించిన పిటిషన్ వేయాలి. 13 వారాలకోసారి ఆ ఖర్చూ ఆ టెన్షనూ ఏ ఏజెన్సీ నెత్తికెత్తుకుంటుంది చెప్పండి. నర్సులకు, ఫిజికల్ థెరపిస్టులకు గ్రీన్ కార్డ్ దారిలో ఉన్న షెడ్యూల్ ఏ వెసులుబాటు (కొరత ఉన్న వృత్తులని ప్రభుత్వం ముందే ఒప్పుకున్న జాబితా) కూడా మనకు లేదు. (ఫిజికల్ థెరపిస్ట్ స్నేహితులు చెప్పే ఇమిగ్రేషన్ సలహాలు మనకు సగమే పనికొస్తాయి, గుర్తుంచుకోండి.) గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో, హెచ్4 ఈఏడీయో (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లకే ఈ తిరుగుడు కలిసొస్తుంది.

ఇక ఏ స్టేట్‌తో మొదలుపెట్టాలి? మీరు నిజంగా కాపురం ఉండే స్టేట్ లైసెన్స్ అన్నిటికంటే ముఖ్యం, అది ఎప్పుడూ యాక్టివ్‌గా ఉండాలి. ఓటీ కాంపాక్ట్, అంటే ఒకరి లైసెన్స్‌ని ఒకరు గుర్తించేట్టు స్టేట్లు చేసుకున్న ఒప్పందం, వచ్చాక దాని విలువ ఇంకా పెరిగింది. 30కి పైగా స్టేట్లు కాంపాక్ట్ చట్టం చేశాయి. మీ సొంత స్టేట్ అందులో ఉంటే, అక్కడి లైసెన్స్ ఆధారంగా మిగతా సభ్య స్టేట్లలో మళ్లీ మొదటినుంచి అప్లై చేయకుండా ప్రివిలేజ్ (అక్కడ పనిచేసే అనుమతి) కొనుక్కోవచ్చు. అయితే చట్టం చేయడం వేరు, ప్రివిలేజ్ ఇవ్వడం మొదలుపెట్టడం వేరు, కాబట్టి మ్యాప్‌లో రంగు చూసి సంబరపడకుండా ఆ స్టేట్ ఇప్పుడు ఇస్తోందా లేదా అని కాంపాక్ట్ సైట్‌లోనే చూడండి. ఇంకో సంగతి: ప్రివిలేజ్ ప్రాణం సొంత స్టేట్ లైసెన్స్‌లో ఉంటుంది. అది ఎక్స్‌పైర్ అయిన రోజే ఇవీ పోతాయి. కాపురం కాంపాక్ట్‌లో లేని స్టేట్‌కి మార్చినా అంతే.

కాంపాక్ట్ దారి లేకపోతే పాత పద్ధతే. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, నేనూ చేసిందే, ఆన్‌లైన్ ఫారం ముందు నింపి మిగతావి తీరిగ్గా చూసుకుందాం అనుకోవడం. తిరగేసి చేయండి. ఫారం మన చేతిలో పని, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆలస్యమయ్యేవన్నీ పరాయివాళ్ల చేతిలో ఉంటాయి: ఎన్‌బీకాట్ నుంచి బోర్డుకి నేరుగా వెళ్లాల్సిన వెరిఫికేషన్, కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్, వేలిముద్రలు, మీకు ఇదివరకు లైసెన్స్ ఇచ్చిన స్టేట్ల నుంచి వెరిఫికేషన్. ఇవన్నీ మొదటిరోజే కదిలించేసి, ఆ తర్వాత ఫారం ముందు కూర్చోండి.

ఆ చివరిదాని దగ్గరే గేదె మేత సంగతి అర్థమవుతుంది. కొత్త స్టేట్ అడిగేది మీ ఇప్పటి లైసెన్స్ గురించి మాత్రమే కాదు, పుట్టి బుద్ధెరిగాక మీరు ఎక్కడెక్కడ లైసెన్స్ తీసుకున్నారో అన్నీ, ఎక్స్‌పైర్ అయినవాటితో సహా. నేను ఒకే ఒక్క కాంట్రాక్ట్ కోసం ఒక స్టేట్ లైసెన్స్ తీసుకున్నాను, మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. ఆ తర్వాత అప్లై చేసిన ప్రతిచోటా ఆ బోర్డుకి డబ్బులు కట్టి, వాళ్లు ఉత్తరం పంపేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఒకసారైతే మిగతా కాగితాలన్నీ చేరి ఆ ఒక్క ఉత్తరం కోసం అయిదు వారాలు ఆగిపోయింది, కాంట్రాక్ట్ ఇంకొకరికి పోయింది. కొన్ని బోర్డులు ఆన్‌లైన్‌లో కనపడే స్టేటస్‌నే ఒప్పుకుంటాయి, కొన్ని అవతలి బోర్డు నేరుగా పంపితేనే తీసుకుంటాయి. ఏది ఎలాగో ముందే చూసుకోండి.

వేలిముద్రల గురించి ఒక్క మాట. కాలిఫోర్నియా లైసెన్స్‌కి, అక్కడే ఉన్నవాళ్లయితే లైవ్‌స్కాన్‌తో (మెషీన్ మీద డిజిటల్‌గా తీసే ముద్రలు) పని అయిపోతుంది, బయట ఉన్నవాళ్లు ఎఫ్‌డీ-258 అనే కార్డు మీద సిరాతో వేయించి పంపాలి. రోజుకి ఇరవైసార్లు సబ్బుతో కడిగి, మధ్యమధ్య శానిటైజర్ రాసే చేతులు మనవి, గీతలు అరిగిపోయి ఉంటాయి. నా కార్డు "ముద్రలు చదవడానికి వీల్లేదు" అని వెనక్కి వచ్చింది. రెండోసారి ముందు వారం రోజులు రాత్రిపూట చేతులకు నూనె పట్టించి, వెళ్లేముందు బాగా తుడుచుకుని, ఎలాగూ అక్కడిదాకా వెళ్లాను కదా అని రెండు కార్డులు వేయించుకున్నాను. బొటనవేలిని గోరు అంచు నుంచి గోరు అంచుదాకా దొర్లించాలి, మనం నొక్కకూడదు, చెయ్యి వదులుగా వదిలేసి వేయించేవాళ్లనే తిప్పనివ్వాలి. పేషెంట్లకు రోజూ "చెయ్యి బిగించకండి" అని చెప్పే నేను ఆ మాట వినడానికి రెండు ట్రిప్పులు పట్టింది.

ఒక్కో స్టేట్‌కి ఒక్కో తిరకాసు ఉంటుంది, అది ఫారంలో చివరి పేజీలోనో రూల్స్‌లోనో దాక్కుని ఉంటుంది. టెక్సస్‌లో జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష, అంటే వాళ్ల ఓటీ చట్టం మీద పరీక్ష. పెన్సిల్వేనియాలో లైసెన్స్‌కి ముందే పిల్లల మీద జరిగే వేధింపులను గుర్తించడంపై 3 గంటల కోర్సు. కాలిఫోర్నియాలో లైసెన్స్ చేతికొచ్చాక కూడా హ్యాండ్ థెరపీ, అల్ట్రాసౌండ్ లాంటి మోడాలిటీలు (మెషీన్లతో చేసే చికిత్సలు), మింగడానికి సంబంధించిన థెరపీ చేయాలంటే విడిగా అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ అప్రూవల్ కావాలి. పాత స్టేట్‌లో రోజూ చేసిన పనే కదా అని అక్కడ మెషీన్ ఆన్ చేస్తే రూలు దాటినట్టే. అసిస్టెంట్లను ఎలా సూపర్‌వైజ్ చేయాలో కూడా స్టేట్ స్టేట్‌కీ మారుతుంది, చేరేముందు ఆ ఒక్క చాప్టరైనా చదవండి.

అరెస్టులు, క్రమశిక్షణ చర్యలు, మాల్‌ప్రాక్టీస్ కేసుల ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు రాయండి. కొట్టేసిన కేసైనా ప్రశ్న దాన్ని అడుగుతుంటే రాయాల్సిందే. వేలిముద్రల్లో ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు కేసు కంటే దాచడం పెద్ద తప్పవుతుంది.

"పెండింగ్" అంటే లైసెన్స్ లేనట్టే. బోర్డు సైట్‌లో మీ పేరు కొట్టి చూస్తే "యాక్టివ్" అని కనపడేదాకా ఓరియెంటేషన్‌లో కూర్చోండి కానీ పేషెంట్ దగ్గరికి వెళ్లకండి, మేనేజర్ ఎంత బతిమాలినా సరే. కనపడిన రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డబ్బుల మాట కాంట్రాక్ట్ మీద సంతకానికి ముందే ఎత్తండి. అడగందే అమ్మైనా పెట్టదు. ఫీజు, వేలిముద్రలు, వెరిఫికేషన్లు ఏజెన్సీ ఇస్తుందా, ఎప్పుడు ఇస్తుంది, మధ్యలో మానేస్తే వెనక్కి పట్టుకుంటుందా, అన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి. రెన్యువల్ ఖర్చు చాలావరకు మన జేబులోంచే.

రెన్యువల్ దగ్గర చిక్కల్లా తేదీలు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో రెండేళ్లకోసారి మీ పుట్టిన నెల చివరి రోజు. ఫ్లోరిడాలో బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరి 28, పెన్సిల్వేనియాలో బేసి సంవత్సరాల్లో జూన్ 30. న్యూయార్క్‌లో లైసెన్స్ జీవితాంతం ఉంటుంది కానీ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కట్టకపోతే పనిచేయడానికి లేదు. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో స్టేట్‌కి ఒక్కో వరుస: నంబరు, ఇచ్చిన తేదీ, ఎక్స్‌పైరీ, రెన్యువల్‌కి ఎన్ని గంటల కోర్సులు చేయాలి, ప్రత్యేకంగా అడిగే కోర్సులు. ఫోన్‌లో తొంభై రోజుల ముందు అలారం. బోర్డు గుర్తుచేస్తుందిలే అనుకోవద్దు, వాళ్ల నోటీసు మీరు మూడు కాంట్రాక్టుల క్రితం ఉన్న అపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. అడ్రస్ మారితే తెలియజేయడానికి కాలిఫోర్నియా 30 రోజులు ఇస్తుంది. అన్ని స్టేట్లకీ మారని అడ్రస్ ఒకటే ఇవ్వండి, ఈమెయిల్ కూడా కాలేజీదో కంపెనీదో కాకుండా సొంతది.

కోర్సుల విషయంలో కొంచెం తెలివి వాడితే బోలెడు డబ్బు మిగులుతుంది. కాలిఫోర్నియాకి 24, టెక్సస్‌కి 24, ఫ్లోరిడాకి 26, న్యూయార్క్‌కి మూడేళ్లలో 36 గంటలు కావాలి అంటే నూటపది గంటలు చదవాలని కాదు, ఒకే కోర్సుని అన్నిచోట్లా చూపించుకోవచ్చు, ఆ స్టేట్ ఒప్పుకునే సంస్థ ఇచ్చిందై ఉండి, పూర్తిచేసిన తేదీ ఆ స్టేట్ రెన్యువల్ గడువు లోపల పడితే చాలు. ఇక్కడే దెబ్బతింటారు: కొత్త గడువు మొదలవడానికి ఒక్కరోజు ముందు పూర్తిచేసినా ఆ గంటలు పాత ఖాతాలో పడతాయి. నేను ఏడాదికి పన్నెండు, పధ్నాలుగు గంటలు సమానంగా పరుచుకుంటూ వస్తాను, ఏ స్టేట్ గడువు ఎక్కడ తెగినా గంటలు తక్కువ పడవు. దానిమీద విడిగా అడిగేవి, ఫ్లోరిడాకి మెడికల్ ఎర్రర్స్ 2 గంటలు, అక్కడి చట్టం 2 గంటలు, టెక్సస్‌కి మనుషుల అక్రమ రవాణా కోర్సు, పెన్సిల్వేనియాకి పిల్లల కోర్సు ఈసారి 2 గంటలు, ఇలాంటివి మాత్రం స్టేట్‌వారీగా చేసుకోవాల్సిందే. సర్టిఫికెట్ వచ్చిన నిమిషమే "తేదీ, గంటలు, కోర్సు పేరు" అని ఫైల్‌కి పేరు పెట్టి సేవ్ చేయండి. ఆడిట్ ఉత్తరం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఆ కోర్సు అమ్మిన సైట్ అప్పటికి ఉంటుందో లేదో అసలే తెలియదు.

ఇక వెళ్లననుకున్న స్టేట్‌ని గాలికొదిలేయకండి. ఎక్స్‌పైరీకి ముందే ఇన్‌యాక్టివ్ స్టేటస్ ఉందేమో చూడండి, ఉంటే దాని ఫీజు ఎంత, మళ్లీ లేపాలంటే ఎన్ని గంటలు అడుగుతారు అని చదవండి. మళ్లీ వెళ్లే ఉద్దేశం బొత్తిగా లేకపోతే ఎక్స్‌పైర్ కానివ్వండి, తప్పేం లేదు, కానీ ఆ రోజు తర్వాత అక్కడ ఒక్క విజిట్ కూడా చేయకండి, ఆ స్టేట్‌లో ఉన్న పేషెంట్‌ని వీడియోలో చూడటం కూడా అందులోకే వస్తుంది. ఎక్సెల్ షీట్‌లో ఆ వరుస మాత్రం చెరిపేయకండి. ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో స్టేట్ ఫారం దాని నంబరు, ఇచ్చిన తేదీ, ముగిసిన తేదీ అడుగుతుంది.