అటక మీది చెకుముకి తుపాకీ ఎక్కడిదో, ఎవరు చేసారో కనుక్కోవడం ఎలా

మా పెదనాన్న వాళ్ళ ఊరు బొబ్బిలి దగ్గరే, పాత పెంకుటిల్లు, పోయినేడు పెంకులు దింపుతుంటే అటక మీంచి గోనెసంచిలో చుట్టిన పొడుగాటి తుపాకీ ఒకటి దిగింది. ఇంట్లో అందరూ దాన్ని రైఫిలే అంటారు, బొబ్బిలి యుద్ధం నాటిది, కావాలంటే చూడు ఇనప రేకు మీద పులి బొమ్మ కూడా ఉన్నాది అని పెదనాన్న నా చిన్నప్పట్నుంచీ చెప్పేవోరు. రెండు నెలలు దాంతో కుస్తీ పట్టాక తేలిందేటంటే అది రైఫిలూ కాదు, అది పులీ కాదు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఎలా చూడాలో రాస్తున్నాను, కథలు తర్వాత వినొచ్చు, ముందు ఇనుము ఏటి చెప్తుందో చూడండి.

మొట్టమొదట లోడయి ఉందో లేదో చూడాలి. నవ్వకండి, మందూ గుండూ దట్టించి అలాగే వదిలేసినవి ఉంటాయి, పొడిగా ఉంటే ఆ మందు వందేళ్ళ తర్వాత కూడా అంటుకుంటుంది. సన్నటి వెదురు బద్ద గొట్టంలోకి అడుగంటా దింపి, మూతి దగ్గర బద్ద మీద గీత పెట్టి, బయటకి తీసి గొట్టం పక్కన ఆనించండి. వెనకాల పక్కనున్న చిన్న బెజ్జం దాకా బద్ద వస్తే ఖాళీ. మాది నాలుగంగుళాల ముందే ఆగిపోయింది, గుండె గుభేలుమంది, లైసెన్సున్న తుపాకీల రిపేరు ఆయన్ని పిలిపిస్తే లోపల్నుంచి కందిరీగల మట్టిగూడు తీసాడు. అయినా సరే బద్ద ఆగిందంటే గుండు ఉందనే అనుకోవాలి, ఇనప చువ్వతో పొడవడం, వేడి చెయ్యడం, డ్రిల్లు పెట్టడం లాంటివి చెయ్యకండి.

తర్వాత ఇంకో మాట, దాన్ని తోమొద్దు. మా అన్నయ్య ముచ్చటపడి ఒక లేతు షాపులో ఇచ్చాడు, వాడు వైరు బ్రష్షు చక్రం పెట్టి గిర్రున తిప్పి తళతళ్ళాడించి ఇచ్చాడు, గొట్టం మీదున్న ముద్రలో కిరీటం మిగిలింది, దాని కిందున్న అక్షరం పోయింది. ఆ ఒక్క అక్షరం ఉంటే సగం పని అయిపోయేది. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల మిషను నూనె చాలు. చీకటి గదిలో ఫోను టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి, ఎదురుగా కొడితే ఏమీ కనపడదు. ఇంకా అనుమానంగా ఉంటే చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి పెన్సిలుతో రుద్దేవాళ్ళం కదా, అలాగే పల్చటి కాగితం వేసి రుద్దండి.

రైఫిలా కాదా అన్నది చిటికెలో తేలుతుంది. ఖాళీ అని తేలాక గొట్టం లోపల టార్చి వేస్తే మెలి తిరిగిన గాడులు కనపడితేనే రైఫిలు. 1800లో ఇంగ్లీషు వాళ్ళు తీసుకున్న బేకర్ రైఫిలుకి అలాంటివి ఏడు గాడులు. నున్నగా ఉంటే అది మస్కెట్టు. చెకుముకి రాయి పట్టుకునే దవడలు, రాయి తగిలి నిప్పు రాలే ఉక్కు రేకు, మందు పోసే చిన్న గిన్నె, ఈ మూడూ ఉంటే చెకుముకి తుపాకీ. గిన్నె లేకుండా అక్కడ చిన్న చనుమొన లాంటిది ఉండి, ఇనప రేకు మీద పూడ్చేసిన మర బెజ్జాలు కనపడితే, పాత చెకుముకి తుపాకీనే తర్వాత టోపీ తుపాకీగా (ఆ మొన మీద మందు టోపీ పెట్టి పేల్చేదిగా) మార్చారన్నమాట. వత్తి పట్టుకునే వంకర కొక్కెం ఉంటే అది వేరే జాతి, వత్తి తుపాకీ.

ఇంక అసలు సంగతి, ముద్రలు. రాయి దవడ బిగించిన ఆ రేకే జాతకం లాంటిది. కిరీటం, జి.ఆర్ (జార్జి రాజు) అక్షరాలు, టవర్ అన్న మాట ఉంటే ఇంగ్లండు సర్కారుది, టవర్ అనేది చేసినవాడి పేరు కాదు, లండన్ టవర్ ఆయుధాగారం. కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ సరుకైతే హృదయం బొమ్మ నాలుగు గదులుగా విడదీసి వి, ఈ, ఐ, సి అక్షరాలు, పైన 4 అంకె లాంటి గుర్తు ఉంటాయి, ఇది 1808 ప్రాంతం దాకా. ఆ తర్వాత వెనక కాళ్ళ మీద లేచి ముందు కాళ్ళతో కిరీటం పట్టుకున్న సింహం వేసారు. మా పెదనాన్న పులి అదే! బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో, విజయనగరం రాజుకీ కుంఫిణీకీ జరిగిన పద్మనాభం యుద్ధం 1794 జులైలో, సింహమేమో ఆ రెండూ అయ్యాక వచ్చింది. ఈ లెక్క చెప్తే పెదనాన్న కాసేపు మాటాడలేదు, తర్వాత "సింహం పులి కన్నా తక్కువేటిరా" అన్నారు.

బొబ్బిలి మీదకి వచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ సేన కాబట్టి ఫ్రెంచిదేమో అని అనుమానం రావడం సహజం. దానికి ముద్ర కూడా అక్కర్లేదు, గొట్టాన్ని కర్రకి ఎలా బిగించారో చూడండి. కుంఫిణీ మస్కెట్టుకి కర్రలోంచి అడ్డంగా సన్న మేకులు దూరతాయి, ఫ్రెంచి వాటికి చుట్టూ లోహపు పట్టీలు ఉంటాయి, రేకు మీద షార్లెవిల్, సెయింట్ ఎటియన్, మోబూజ్ లాంటి కార్ఖానా పేర్లు ఉంటాయి. తర్వాత మూతి లోపలి వెడల్పు కొలవండి, ఇంజనీరింగు చదివే పిల్లోడి దగ్గర సన్న కొలతలు తీసే వెర్నియరు ఉంటుంది. ఇంగ్లీషుది సుమారు 19 మిల్లీమీటర్లు, ఫ్రెంచిది పదిహేడున్నర. గొట్టం పొడుగు కూడా చూడండి, బ్రౌన్ బెస్ అనే ఇంగ్లీషు సైన్యం మస్కెట్టు పాతవి 46 అంగుళాలు, తర్వాత 42, కుంఫిణీ కోసం చేసిన ఇండియా ప్యాటర్ను 39. మాది 39కి గీత తప్పలేదు.

గొట్టం వెనక భాగంలో పైన ఎడమ పక్క, గొట్టం పేలుడుకి తట్టుకుంటుందని పరీక్షించి వేసిన ముద్రలు ఉంటాయి. కిరీటం కింద వి, కిరీటం కింద జి.పి ఉంటే లండన్‌ది. అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటి సందుల్లో బి, పి, సి ఉంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (ఆ పరీక్ష చేసే చోటు) ది, అది 1813లో పెట్టారు కాబట్టి ఆ ముద్ర అంతకు ముందుది అయ్యే ఛాన్సే లేదు.

పేరు కనపడగానే చేసినవాడు దొరికేసాడు అనుకోకండి. గొట్టం ఒకడు, లాక్ (ఆ రేకూ, దాని మీద రాయి కొట్టే మర అంతా) ఒకడు, కర్ర ఇంకొకడు చేసేవోరు, బార్నెట్, విల్సన్, నాక్ లాంటి పేర్లు కుంఫిణీకి సరుకు సప్లై చేసిన కాంట్రాక్టర్లవి. అసలు పనివాళ్ళ పొడక్షరాలు లాక్ లోపలి వైపు, గొట్టం అడుగున ఉంటాయి. అవి మీరు విప్పకండి, తుప్పు పట్టిన మేకు విరిగిందంటే కర్ర కూడా చీలిపోతుంది.

ఇంక నకళ్ళు. మన దగ్గరి కమ్మర్లు మస్కెట్టు చూసి మస్కెట్టు చేసేవోరు, అది తప్పని నేను అనను, చాలా బాగా చేసినవి ఉంటాయి. కానీ ముద్ర కూడా కాపీ కొట్టేసరికి అక్షరం తిరగబడుతుంది, సింహం వీధికుక్కలా అవుతుంది. మా దాంట్లో లాక్, గొట్టం కుంఫిణీవే, కర్ర మాత్రం మధ్యలో విరిగితే టేకు ముక్క అతికి ఇత్తడి రేకు చుట్టారు, లాక్ చుట్టూ బియ్యపు గింజ పట్టే సందు ఉంది. ఒరిజినల్‌గా బిగించిందైతే అక్కడ గోరు కూడా దూరకూడదు.

పోల్చుకోడానికి హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోను, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోను పాత ఆయుధాలు ఉన్నాయి, ఫోన్లో బొమ్మలు చూసిన దానికన్నా అద్దం ముందు నించుని చూస్తే లాక్ ఆకారం బుర్రలో ఉండిపోతుంది. మన జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి నాకైతే ఎగ్మోరే ఎక్కువ పనికొచ్చింది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను ప్రకారం పాతబడిపోయి, రిపేరు చేసినా పేలని దానికే మినహాయింపు, పేలే స్థితిలో ఉంటే ముందు నుంచి మందు దట్టించేదైనా లైసెన్సు కావాలి, స్టేషన్లో చెప్పి రాయించుకోవడం మంచిది. వందేళ్ళు దాటిన వస్తువు విదేశాలకి పంపడం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం, అమెరికాలో ఉన్న అల్లుడికి పంపిద్దాం అనుకోవద్దు.

చివరికి కొలతలూ, ముద్రల ఫొటోలూ, మీ ఇంటి కథా ఒక చీటీ మీద రాసి నూలు దారంతో దానికే కట్టండి. కథ పక్కన "తాత చెప్పింది" అని, కొలత పక్కన "కొలిచింది" అని వేరేగా రాయండి.