1631 నాటి కొలతల విద్య – మూడవ పాఠం: వెర్నియర్ స్కేలును తయారు చేయడం, చదవడం

1631 నవంబరు 7న పారిస్‌లో పియేర్ గసెండీ, టెలిస్కోపు ద్వారా తెల్లకాగితం మీద పడిన సూర్యబింబంలో ఒక నల్లని చుక్కను చూసి, అది సూర్యుని ముందు నుంచి దాటుతుందని ఖగోళవేత్త కెప్లర్ ముందుగా లెక్కగట్టి చెప్పిన బుధగ్రహమేనని నమ్మడానికి మొదట ఎందుకు తటపటాయించాడో గత పాఠంలో చూశాం. చుక్క అనుకున్నదానికంటే ఎంతో చిన్నదిగా ఉండటమే అందుకు కారణం. ఖగోళ శాస్త్రానికి అప్పటికి కావలసింది మరింత సూక్ష్మంగా కొలిచే పద్ధతులు. వాటిలో ఒకటి అదే సంవత్సరం బ్రస్సెల్స్‌లో అచ్చయిన ఒక ఫ్రెంచి పుస్తకంలో వెలువడింది. దానిని రాసిన పియేర్ వెర్నియర్ ఓర్నాన్ పట్టణంలో పుట్టినవాడు. ఈ పాఠంలో అతని స్కేలును మన చేతులతోనే తయారు చేసి, చదవడం నేర్చుకుందాం.

కోణాలను కొలిచే పరికరం మీద డిగ్రీల గీతలు గీయడం సాధ్యమే గాని, డిగ్రీకి 60 కలలు (నిమిషాలు) కాబట్టి ఒక్కొక్క కలకూ గీత గీయాలంటే పరికరం చాలా పెద్దదై ఉండాలి. పోర్చుగల్‌కు చెందిన పెద్రో నూనెష్ 1542లో దీనికొక ఉపాయం చెప్పాడు. 90 భాగాల చాపం లోపల మరో 44 చాపాలు గీసి, వాటిని వరుసగా 89, 88, 87 ఇలా 46 వరకు సమాన భాగాలు చేస్తే, కొలిచే రేఖ ఏదో ఒక చాపం మీది గీతను దాదాపుగా తాకుతుంది. ఆలోచన గొప్పదే. అయితే 89, 83, 79 వంటి ప్రధాన సంఖ్యల భాగాలుగా చాపాన్ని తప్పు లేకుండా విభజించడం పనివారికి ఎంత కష్టమో ఊహించవచ్చు. డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే కూడా ఈ పద్ధతిని ప్రయత్నించి, తర్వాత గీతల నడుమ ఏటవాలుగా గీసిన రేఖలతో చదివే వాలుగీతల పద్ధతికే మొగ్గాడు. వెర్నియర్ ఆ 44 చాపాలనూ తీసివేసి, వాటి స్థానంలో జరిగే చిన్న స్కేలు ఒక్కటి పెట్టాడు. నా దృష్టిలో 1631 సంవత్సరానికి సంబంధించి మనం ఎక్కువసేపు నిలిచి చూడవలసిన విషయం ఇదే.

ఇక తయారీకి వద్దాం. మందపాటి అట్ట మీద 25 సెం.మీ. పొడవున ఒక పట్టీ కత్తిరించి, సెంటీమీటరుకొక గీత మాత్రమే గీసి, 0 నుంచి 25 వరకు అంకెలు వేయండి. మిల్లీమీటర్ల గీతలు వద్దు. ఇది ప్రధాన స్కేలు. రెండవ పట్టీ మీద సున్న గీత గీసి, అక్కడి నుంచి 9, 18, 27, 36 మి.మీ. ఇలా 90 వరకు పది గీతలు గీసి, 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. ఇది వెర్నియర్ స్కేలు; దీనిని ప్రధాన స్కేలు అంచుకు ఆనించి జరుపుతాం. ప్రతి దూరాన్నీ సున్న గీత నుంచే కొలవాలి. ముందు గీత నుంచి 9 మి.మీ. చొప్పున జరుపుకుంటూ పోతే, ఒక్కొక్కచోట జరిగే చిన్న పొరపాటు చివరికి పేరుకుపోతుంది.

వెర్నియర్ భాగం 9 మి.మీ., ప్రధాన భాగం 10 మి.మీ. ఈ రెండింటికీ ఉన్న తేడా 1 మి.మీ. దీనినే కనీసపు కొలత అంటారు. వెర్నియర్ సున్న గీత ప్రధాన స్కేలు మీద 4 దాటి 7 మి.మీ. ముందుకు వెళ్లిందనుకుందాం. అప్పుడు వెర్నియర్ ఒకటవ గీత 5 సెం.మీ. గీత కంటే 6 మి.మీ. మాత్రమే ముందుంటుంది, రెండవది 6 కంటే 5 మి.మీ. ముందుంటుంది. ఇలా గీతకొక మిల్లీమీటరు చొప్పున ఆ దూరం తరుగుతూ వచ్చి, ఏడవ గీత దగ్గర పూర్తిగా పోయి, అది 11 సెం.మీ. గీతతో సరిగ్గా కలుస్తుంది. కొలత 4.7 సెం.మీ. రెండు గీతల నడుమ మిగిలిన ముక్క ఎంతో ఊహించడం మన కంటికి కష్టం. ఒక గీత మరొక గీతకు సూటిగా ఉందో లేదో చెప్పడం మాత్రం చాలా సులభం. వెర్నియర్ మొదటి పనిని తప్పించి, మన చేత రెండవ పని చేయిస్తాడు.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: గీతలు కలిసినచోట ప్రధాన స్కేలు మీది అంకెను, పై ఉదాహరణలో 11ను, కొలతలో చేర్చేస్తారు. ఆ అంకెతో మనకు పని లేదు. సున్న గీతకు ఎడమ పక్కనున్న ప్రధాన అంకె, కలిసిన వెర్నియర్ గీత అంకె, ఈ రెండే కావాలి. కలిసిన గీత ఏదో సందేహం వస్తే దాని ఇరుపక్కలా చూడండి. ఏడవది నిజంగా కలిస్తే, ఆరవ గీత తన దగ్గరి ప్రధాన గీతకు మిల్లీమీటరు కుడిగా, ఎనిమిదవది తన దానికి మిల్లీమీటరు ఎడమగా ఉంటాయి. కన్ను గీతకు నేరుగా పైనుండాలి. పక్కనుంచి చూస్తే వేరే గీత కలిసినట్టు కనిపిస్తుంది. సున్న, పది రెండూ ఒకేసారి కలిస్తే దశాంశ భాగం సున్న.

అభ్యాసంగా పట్టీని ఇష్టం వచ్చినచోట నిలిపి, కొలత రాసుకుని, తర్వాత మామూలు స్కేలుతో సరిచూసుకోండి. తడుముకోకుండా చదవగలిగేదాకా ఇది చేయాలి.

చివరగా ఒక ప్రశ్న. 1631 నాటి పుస్తకంలోని స్కేలు మనం చేసినట్టు లేదు. వెర్నియర్ 31 అర్ధ డిగ్రీల పొడవును 30 సమాన భాగాలు చేశాడు. అందువల్ల ఒక్కొక్క భాగం అర్ధ డిగ్రీ కంటే ఒక కల ఎక్కువ, కనీసపు కొలత ఒక కల. భాగం పెద్దదైనప్పుడు అంకెలు ఎటు పెరగాలి? మూడవ పట్టీ మీద సున్నకు ఎడమవైపు 11 మి.మీ. చొప్పున పది గీతలు గీసి చూడండి. సున్నను 14.7 సెం.మీ. వద్ద నిలిపినప్పుడు ఏడవ గీత ప్రధాన స్కేలు మీది 7తో కలిస్తే పట్టీ సరిగా వచ్చినట్టే. వచ్చే పాఠంలో శూన్యాంశ దోషాన్ని (కొలత సున్న కావలసినచోట రెండు సున్న గీతలు కలవకపోవడాన్ని) సరిదిద్దడానికి ఈ మూడు పట్టీలూ కావాలి.